డండాస్ కొట్టు నుంచి నేవీ ఐలాండ్ దాకా: మెకంజీ దారిలో ఆరు రోజులు

మెకంజీ అనగానే తెలుగువాళ్లకు కైఫియత్తులు సేకరించిన కాలిన్ మెకంజీ గుర్తొస్తాడు. ఆయన 1821లో పోయాడు. అంతకు ముందు ఏడాదే ఇంకో స్కాట్లాండ్ మెకంజీ కెనడాలో ఓడ దిగాడు. విలియం లయన్ మెకంజీ, వయసు పాతికేళ్లు, వృత్తి కొట్టు నడపడం. తర్వాత పత్రిక పెట్టాడు, యార్క్ కౌంటీ రైతుల ఓట్లతో శాసనసభకు వెళ్లాడు, టొరంటోకు తొలి మేయరయ్యాడు, 1837లో తిరుగుబాటు చేసి ఓడి పారిపోయాడు, పన్నెండేళ్ల తర్వాత తిరిగొచ్చి మళ్లీ పల్లె ఓట్లతోనే గెలిచాడు. టొరంటో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు చుట్టాలు వచ్చినప్పుడల్లా నయాగరాకు కారు తీస్తూనే ఉంటారు. ఈ కథలో సగం ఆ రోడ్డు పక్కనే ఉంది.

మే చివరి నుంచి సెప్టెంబరు దాకా ఈ యాత్రకు అనువైన కాలం. చలికాలంలో క్వీన్‌స్టన్ ముద్రణాలయం మూసేస్తారు, షారన్‌లోని ఆలయమూ అంతే. టొరంటో నగరంలో తిరిగే రోజు తప్ప మిగతా రోజులన్నిటికీ కారు కావాలి. అద్దె కారైతే 407 రోడ్డు ఎక్కకండి. అక్కడ టోల్ గేట్లు ఉండవు, కెమెరా నంబరు ప్లేటును ఫొటో తీస్తుంది. బిల్లు అద్దె కంపెనీకి పోతుంది, వాళ్లు తమ రుసుము కలిపి మీ కార్డు మీద వేస్తారు.

మొదటి రోజు: టొరంటో నుంచి డండాస్

పొద్దున తొమ్మిదిన్నర దాటాక బయల్దేరితే క్యూఈడబ్ల్యూ, 403 హైవేల మీదుగా డెబ్బై అయిదు కిలోమీటర్ల దారి గంట పైచిలుకులో తెగుతుంది. ఏడింటికి బయల్దేరితే అదే దారి రెండు గంటలు తినేస్తుంది.

మెకంజీ 1795 మార్చి 12న డండీలో పుట్టాడు. నేతపని చేసే తండ్రి కొద్ది వారాలకే చనిపోయాడు. తల్లి ఎలిజబెత్‌తో కలిసి ఏలిత్ అనే ఊళ్లో కొట్టు పెట్టాడు, అది మునిగింది. 1820లో డండీకే చెందిన జాన్ లెస్లీతో కలిసి కెనడా వచ్చాడు. యార్క్‌లో, అంటే నేటి టొరంటోలో, ఇద్దరూ ఒకే కప్పు కింద పుస్తకాలు, మందులు అమ్మారు. పుస్తకాల లాభం లెస్లీది, మందుల లాభం మెకంజీది. ఆ తర్వాత డండాస్‌లో ఇంకో కొట్టు తెరిచారు. మందులు, ఇనుప సామాను, కత్తులు, మేకులు, వడ్రంగి పనిముట్లు, అద్దకం రంగులు, కిరాణా, మిఠాయి, బొమ్మలు, అన్నీ అందులోనే.

ఆ కొట్టును వెతకడానికి కాదు, కొట్టు ఇక్కడే ఎందుకు పెట్టాడో చూడటానికి ఈ ఊరు రావాలి. ఒంటారియో సరస్సు పడమటి కొన ఇక్కడికి దగ్గర. వెనక నయాగరా కొండచరియ. చరియ మీంచి దూకే స్పెన్సర్ వాగు పిండిమరలు తిప్పేది. పడమటి పల్లెలకు పోయే గవర్నర్స్ రోడ్డు ఇక్కడే మొదలవుతుంది. గోధుమ బళ్లు ఈ ఊరు దాటకుండా సరస్సు చేరలేవు. మెకంజీ వచ్చిన కాలంలో హామిల్టన్ కంటే డండాస్‌లోనే వ్యాపారం ఎక్కువ. కింగ్ స్ట్రీట్ మీద ఒక గంట నడిచి, డండాస్ మ్యూజియం చూసి, డండాస్ పీక్ ఎక్కితే ఈ భూగోళమంతా ఒక్క చూపులో తెలుస్తుంది. పీక్‌కూ, పక్కనే ఉన్న వెబ్‌స్టర్ జలపాతానికీ, ముఖ్యంగా ఆకులు రంగు మారే రోజుల్లో, ముందే ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకోవాలి. బుకింగ్ లేకుండా పోతే పార్కింగ్ దగ్గరే తిప్పి పంపుతారు.

పల్లె కొట్టు లెక్క ఇక్కడే అర్థం చేసుకోవాలి, రాబోయే అయిదు రోజుల రాజకీయమంతా దానిమీదే నడుస్తుంది. రైతు ఏడాది పొడుగునా అరువు తీసుకుంటాడు, పంట చేతికొచ్చాక గోధుమగానో పిండిగానో పొటాష్‌గానో తీరుస్తాడు. పిండి పీపా అంటే 196 పౌన్ల బరువు, సుమారు 89 కిలోలు. నాణేలు చాలవు, చలామణీలో రెండు రకాల లెక్కలు. హాలిఫాక్స్ లెక్కలో అయిదు షిల్లింగులు ఒక డాలరు, యార్క్ లెక్కలో ఎనిమిది షిల్లింగులు ఒక డాలరు. డబ్బు లెక్కలో పౌనుకు ఇరవై షిల్లింగులు కాబట్టి నలభై డాలర్ల బాకీ ఒక పుస్తకంలో పది పౌన్లుగా, ఇంకో పుస్తకంలో పదహారు పౌన్లుగా కనిపిస్తుంది. ఏ లెక్కో రాయకపోతే తగాదాయే.

కొట్టువాడికీ నిశ్చింత లేదు. అతను మాంట్రియల్ టోకు వర్తకుడికి బాకీ, ఆ వర్తకుడు లండన్‌కు బాకీ. బ్రిటన్ 1815 ధాన్యం చట్టం ప్రకారం అక్కడ గోధుమ ధర క్వార్టరు అనే కొలతకు 67 షిల్లింగులు దాటితేనే వలసల గోధుమను లోపలికి రానిస్తారు. 1820 తర్వాత ధర పడిపోయింది, రేవులు మూతపడ్డాయి. గోధుమ కదలదు, రైతు తీర్చలేడు, కొట్టు మాంట్రియల్‌కు కట్టలేదు. రైతు బాధ మెకంజీకి ఏ ఉపన్యాసమూ వినకుండానే తన పద్దు పుస్తకంలోనే కనిపించింది. 1823లో లెస్లీతో భాగస్వామ్యం విడిపోయింది. రాత్రికి డండాస్‌లోనో హామిల్టన్‌లోనో బస చేయవచ్చు.

రెండో రోజు: క్వీన్‌స్టన్

హామిల్టన్ నుంచి క్యూఈడబ్ల్యూ మీద నయాగరా వైపు ఎనభై కిలోమీటర్లు. ఇక్కడొక జాగ్రత్త. 405 రోడ్డు నేరుగా అమెరికా వంతెన మీదికి పోతుంది. స్టాన్లీ అవెన్యూ ఎగ్జిట్ తప్పితే వెనక్కి తిరిగే వీలు లేదు, సరిహద్దు అధికారి ముందుకే చేరతారు. అమెరికా వీసా లేనివాళ్లు ఈ తప్పు అస్సలు చేయకూడదు. గ్లెన్‌డేల్ అవెన్యూ దగ్గర దిగి యార్క్ రోడ్డు పట్టుకుని సెయింట్ డేవిడ్స్ మీదుగా పోవడం మేలు. నది ఒడ్డున ఫోను కూడా అమెరికా టవరు అందుకుని రోమింగ్ మొదలెడుతుంది. డేటా రోమింగ్ ముందే ఆపేయండి.

జలపాతం కింద ఓడలు రాగలిగిన చివరి రేవు క్వీన్‌స్టన్. సరుకు ఇక్కడ దించి బళ్ల మీద కొండ ఎక్కించి జలపాతానికి ఎగువన ఉన్న చిప్పవా దగ్గర మళ్లీ పడవ ఎక్కించేవాళ్లు. అలాంటి చోట కొట్టు పెట్టడం తెలివైన పనే. అయితే మెకంజీ ఇక్కడ ఏడాది తిరక్కుండానే వేరే దారి పట్టాడు. 1824 మే 18న ‘కలోనియల్ అడ్వకేట్’ తొలి సంచిక వెలువరించాడు.

ఆయన ఇల్లు ఇప్పుడు మెకంజీ ప్రింటరీ అనే మ్యూజియం, నయాగరా పార్క్స్ నడుపుతోంది. శిథిలమైన ఇంటిని బాగుచేయించి 1938లో తెరిచినప్పుడు ప్రారంభించినవాడు ఆయన మనవడు, అప్పటి ప్రధాని విలియం లయన్ మెకంజీ కింగ్. లోపల ఉన్న లూయీ రాయ్ ప్రెస్సును తప్పక చూడాలి. 1793లో ఎగువ కెనడా, అంటే నేటి దక్షిణ ఒంటారియో, తొలి పత్రికను అచ్చేసిన కొయ్య యంత్రం అది.

చేతి ప్రెస్సుకు ఇద్దరు మనుషులు కావాలి. ముందురాత్రే కాగితం తడిపి బరువు కింద పెడతారు, పొడి కాగితం సిరాను సరిగా పట్టదు. అక్షరాలు ఒక్కొక్కటే స్టిక్‌లో తలకిందులుగా పేర్చి, పేజీ కట్టి, ఇనుప చట్రంలో బిగిస్తారు. ఒకడు తోలు ఉండలతో సిరా అద్దుతాడు, ఇంకొకడు కాగితం పరిచి మీట లాగుతాడు. చెయ్యి తిరిగినవాళ్లు గంటకు రెండు వందల కాగితాల దాకా తీస్తారు, అదీ ఒకవైపే. తడి ఎక్కువైతే అచ్చు అలుక్కుంటుంది. సిరా ఎక్కువైతే అక్షరాల్లోని సున్నాలు పూడిపోతాయి. చట్రం బిగువు తగ్గితే పేజీ ఎత్తగానే అక్షరాలు నేల మీద రాలతాయి. ఇంత శ్రమ తర్వాత తపాలా ఖర్చు సంపాదకుడే ముందుగా కట్టాలి, చందా మాత్రం పల్లెల నుంచి ఎప్పటికో వస్తుంది. కొట్టులో ఉన్న అరువు తిప్పలే పత్రికలోనూ వెంటబడ్డాయి.

మధ్యాహ్నం 1812 యుద్ధంలో చనిపోయిన జనరల్ బ్రాక్ స్మారక స్తంభం ఎక్కండి. 56 మీటర్ల ఎత్తు, 235 మెట్లు, ఇరుకు మరమెట్లు. ఎదురుగా మనిషి వస్తే ఒకరు గోడకు ఒదగాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కిందే ఉంటే మంచిది. 1824లో ఇక్కడ మొదటి స్తంభం కడుతున్నప్పుడు పునాదిరాయిలో మెకంజీ పత్రిక ప్రతి ఒకటి పెట్టారు. అది తెలిసి గవర్నర్ మెయిట్‌లాండ్ పునాది తవ్వించి ప్రతిని బయటికి తీయించాడు. ఆ స్తంభాన్ని 1840లో ఎవరో పేల్చేశారు. ఇప్పుడున్నది 1850లలో కట్టింది. సాయంత్రానికి టొరంటో చేరుకోవచ్చు.

మూడో రోజు: పాత టొరంటో, కాలినడకన

కారు వదిలేయండి. ప్రెస్టో కార్డు ఒకసారి తాకిస్తే రెండు గంటల పాటు బస్సు, ట్రామ్, సబ్‌వే దేనికైనా చెల్లుతుంది.

ఫ్రంట్, ఫ్రెడరిక్ వీధుల కూడలి నుంచి మొదలుపెట్టాలి. మెకంజీ పత్రికను యార్క్‌కు మార్చాక ఆయన అచ్చుకొట్టు ఇక్కడే ఉండేది. 1826 జూన్ 8 సాయంత్రం పెద్ద కుటుంబాల కుర్రవాళ్లు పది పదిహేను మంది లోపలికి దూరి, ప్రెస్సు పగలగొట్టి, అక్షరాల పెట్టెలు తీసుకెళ్లి సరస్సులో విసిరారు. అక్కడ నిలబడితే నీళ్లే కనిపించవు, ఎలా విసిరారా అనిపిస్తుంది. అప్పట్లో ఒడ్డు ఫ్రంట్ వీధి పక్కనే. దక్షిణాన ఉన్నదంతా తర్వాత మట్టి పోసి పూడ్చిన నేల.

ఆ కుర్రవాళ్ల తండ్రులూ బంధువులే ‘ఫ్యామిలీ కాంపాక్ట్’. గవర్నర్ చుట్టూ చేరి కోర్టులు, బ్యాంకు, భూముల పంపకం చేతిలో పెట్టుకున్న కొద్దిమంది. ఆ నాటికి మెకంజీ అప్పుల వాళ్లకు దొరక్కుండా నది అవతల లూయిస్టన్‌లో ఉన్నాడు, పత్రిక ఆగిపోయే దశలో ఉంది. కోర్టు 625 పౌన్ల నష్టపరిహారం ఇప్పించడంతో అప్పులు తీరి పత్రిక నిలబడింది. అక్షరాలు పారబోయకపోతే ఆ పత్రిక ఆ ఏడాదే మూతపడేదేమో. శత్రువులు ఇంత లాభం చేసిపెట్టిన సందర్భాలు చరిత్రలో ఎక్కువ ఉండవు.

అక్కడి నుంచి అడిలెయిడ్ ఈస్ట్ 260లోని మొదటి పోస్టాఫీసుకు నడక పది నిమిషాలు. 1833లో తెరిచిన ఈ కార్యాలయంలో ఇప్పటికీ ఉత్తరాలు వేయవచ్చు. ఆనాడు ఉత్తరం అందుకున్నవాడే డబ్బు కట్టాలి, డబ్బు లేకపోతే ఉత్తరం అక్కడే పడి ఉండేది. తిరుగుబాటు తర్వాత అనుమానం మీద పోస్ట్‌మాస్టర్ హోవార్డ్ ఉద్యోగం పీకేశారు. కింగ్, జార్విస్ మూలన ఉన్న సెయింట్ లారెన్స్ హాల్ స్థలంలో అప్పుడు మార్కెట్ భవనం ఉండేది. 1834లో యార్క్ పేరు టొరంటోగా మారి నగరమైనప్పుడు తొలి కౌన్సిల్ అక్కడే కూర్చుంది, ఏప్రిల్ 3న మెకంజీని మేయర్‌గా ఎన్నుకుంది. బురద వీధుల పక్కన పలకల నడకదారులు వేయించాడు. ఆ వేసవిలోనే కలరా వచ్చింది. మేయర్‌గా ఆయన గొప్పవాడేమీ కాదు. ఆయన పట్టంతా ఊరి బయట, రేపటి దారిలో ఉంది.

నాలుగో రోజు: యంగ్ స్ట్రీట్ వెంట ఉత్తరానికి

టొరంటో మ్యాపులో క్వీన్, బ్లోర్, సెయింట్ క్లెయిర్, ఎగ్లింటన్ వీధులు రెండేసి కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. సర్వేవాళ్లు వంద గొలుసులకు ఒక రోడ్డు విడిచారు, మధ్యలో 200 ఎకరాల కమతాలు. వీటిలో ఏడో వంతు చర్చికి, ఇంకో ఏడో వంతు రాజుకు అట్టిపెట్టారు. ఆ కమతాల్లో ఎవరూ ఉండరు, వాటి ముందు రోడ్డు ఎవరూ వేయరు. పక్క రైతు బండి బురదలో దిగబడుతుంది. మెకంజీ రాజకీయానికి ఇదే ముడిసరుకు.

1828లో యార్క్ కౌంటీ ఆయన్ను గెలిపించింది. 1831 డిసెంబరులో సభను అవమానించాడని వెళ్లగొట్టారు. బ్లోర్‌కు కాస్త ఎగువన ఉండే రెడ్ లయన్ సత్రంలో 1832 జనవరి 2న ఉప ఎన్నిక. బహిరంగ ఓటు, అందరి ముందూ పేరు పలకాలి. లెక్క 119కి 1. జనం 250 పౌన్ల బంగారు పతకం మెళ్లో వేసి ఊరేగించారు. సభ మళ్లీ గెంటేసింది, జనం మళ్లీ గెలిపించారు, ఇలా చాలాసార్లు.

1837 తిరుగుబాటు జాడలు ఇదే వీధిలో ఉన్నాయి. వెల్లెస్లీ స్టేషన్ దగ్గర మెయిట్‌లాండ్ వీధి మూల డిసెంబరు 5 సాయంత్రం ఘర్షణ జరిగిన చోటు. ఇరవై మంది పైచిలుకు కాపలా దళం చీకట్లో ఒకసారి తుపాకులు పేల్చి పరుగెత్తింది. తిరుగుబాటుదారుల ముందు వరస బదులు కాల్చి, వెనకవాళ్లు కాల్చేందుకు వీలుగా నేలమీద పడుకుంది. ముందువాళ్లంతా చచ్చిపోయారనుకుని వెనకవాళ్లు వెనుదిరిగారు. రెండు పక్షాలూ పారిపోయిన యుద్ధం ఇది. నగరంలో ఆ రాత్రి కాపలా దళాలు కొద్దిగానే ఉన్నాయి.

అసలు గండం తేదీతో వచ్చింది. దాడికి మొదట అనుకున్న తేదీ డిసెంబరు 7, గురువారం. మెకంజీ పల్లెల్లో తిరుగుతుండగా నగరంలో ఉన్న తోటి నాయకుడు డాక్టర్ రోల్ఫ్ భయపడి సోమవారానికి మార్చాడు. కబురు కొందరికి అందింది, కొందరికి అందలేదు. వచ్చినవాళ్లకు తిండి చాలలేదు, చాలామంది చేతుల్లో బల్లేలే. సైనిక నాయకుడు వాన్ ఎగ్‌మండ్ పాత తేదీకే వచ్చాడు. అదే రోజు వెయ్యి మందికి పైగా ప్రభుత్వ దళం రెండు ఫిరంగులతో ఎదురొచ్చింది. పైసాకు లెక్క రాసే వర్తకుడు మనుషులకు, తిండికి, మందుగుండుకు లెక్క వేయలేదు.

తిరుగుబాటుదారులు గుమిగూడిన మాంట్‌గోమరీ సత్రం ఎగ్లింటన్‌కు కాస్త ఉత్తరాన ఉండేది. ఆ స్థలంలో ఉన్న పాత పోస్టాఫీసు ముఖభాగం మీద ఎనిమిదో ఎడ్వర్డ్ రాజముద్ర చూడండి, ఆయన ఏడాది కూడా ఏలలేదు కాబట్టి అది అరుదు. నార్త్ యార్క్ సెంటర్ స్టేషన్ పక్కన గిబ్సన్ హౌస్ ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన సర్వేయర్ డేవిడ్ గిబ్సన్ తిరుగుబాటులో చేరినందుకు ఇల్లు కాల్చేశారు. మ్యూజియంగా ఉన్నది ఆయన ప్రవాసం నుంచి వచ్చి 1851లో కట్టుకున్న ఇల్లు.

మధ్యాహ్నం కారులో 404 మీదుగా షారన్‌కు వెళ్లాలి. ‘శాంతి బిడ్డలు’ అనే రైతు సమాజం 1825 నుంచి 1832 దాకా కట్టిన మూడంతస్తుల కొయ్య ఆలయం అక్కడుంది. నాలుగు దిక్కులకూ తలుపులు, అన్ని వైపులా కిటికీలు. ఈ సమాజం వాళ్లు, పక్కనే హాలండ్ ల్యాండింగ్ కమ్మరి శామ్యూల్ లౌంట్, మెకంజీకి గట్టి అండ. బల్లేలు కొట్టింది లౌంట్ కొలిమిలోనే. ఆలయం వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, ఫోన్ చేసుకుని వెళ్లండి.

అయిదో రోజు: పారిపోయిన దారి

మెకంజీ తల మీద 1,000 పౌన్ల బహుమానం ప్రకటించారు. హాలిఫాక్స్ లెక్కలో 4,000 డాలర్లు. డిసెంబరు 7 నుంచి 11 దాకా, హంబర్, క్రెడిట్, సిక్స్‌టీన్ మైల్ క్రీక్ దాటి, డండాస్, ఆంకాస్టర్ కొండల మీదుగా నయాగరా నదికి చేరాడు. నాలుగు రోజులూ రైతులు తిండి పెట్టారు, గుర్రాలిచ్చారు, దాచారు. వాళ్లలో ఆయనకు ఓటెయ్యనివాళ్లూ ఉన్నారు. బహుమానం ఎవరికీ దక్కలేదు.

ఓక్‌విల్‌లోని లయన్స్ వ్యాలీ పార్కులో దిగితే సిక్స్‌టీన్ మైల్ లోయ లోతు తెలుస్తుంది. ఆయనా, అలన్ విల్‌కాక్స్ అనే సహచరుడూ బట్టలు విప్పి తలమీద పెట్టుకుని గడ్డకట్టే నీటిలో ఈ వాగు దాటారు. వంతెనల మీద కాపలా ఉండటమే కారణం. పార్కుకు దిగే రోడ్డు నిటారు, మంచు కురిసినప్పుడు కారుతో దిగొద్దు.

తర్వాత సెయింట్ జాన్స్ ఊరి శామ్యూల్ చాండ్లర్ దారి చూపించాడు. ఫోర్ట్ ఈరీ వైపు నయాగరా పార్క్‌వే మీద ‘మెకంజీస్ క్రాసింగ్’ ఫలకం ఉంది. అక్కడ మెకాఫీ కుటుంబం పడవ ఇచ్చింది. పార్క్‌వే ఇరుకు రోడ్డు, సైకిళ్లు ఎక్కువ, వెడల్పున్న చోటే కారు ఆపాలి.

చిప్పవాకు ఎగువన నదిలో చెట్లతో నిండి కనిపించేది నేవీ ఐలాండ్. మెకంజీ అమెరికా నుంచి వలంటీర్లను తెచ్చి ఇక్కడ తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించాడు, చేరినవాళ్లకు 300 ఎకరాలు ఇస్తానన్నాడు. తన దగ్గర లేని భూమి అరువు ఖాతాలో రాసినట్టే. డిసెంబరు 29 రాత్రి ప్రభుత్వ దళం అవతలి ఒడ్డున ఉన్న సరఫరా ఓడ కారొలైన్‌ను తగలబెట్టి ప్రవాహంలో వదిలింది. మండుతూ జలపాతం మీంచి దూకినట్టు బొమ్మలు గీశారు గానీ అది పైనే ముక్కలైంది. ఈ వివాదం నుంచే దేశాల ఆత్మరక్షణ హక్కుకు హద్దు చెప్పే ‘కారొలైన్ సూత్రం’ పుట్టింది. జనవరి మధ్యలో దీవి ఖాళీ చేశారు. తటస్థత చట్టం ఉల్లంఘించాడని అమెరికాయే ఆయన్ను రాచెస్టర్ జైల్లో దాదాపు ఏడాది ఉంచింది. దీవికి పడవ సర్వీసు లేదు, ఒడ్డు నుంచి బైనాక్యులర్ చాలు. బస నయాగరా ఫాల్స్‌లో.

ఆరో రోజు: హాల్డిమండ్ మీదుగా బాండ్ స్ట్రీట్

తొందరగా బయల్దేరి 3వ నంబరు రోడ్డు మీద కయూగాకు పోవాలి, గంట పైచిలుకు. గ్రాండ్ నది ఒడ్డున చిన్న పల్లెటూళ్లు. 1849లో క్షమాభిక్ష వచ్చాక మెకంజీ తిరిగొచ్చి, 1851లో హాల్డిమండ్ ఉప ఎన్నికలో ‘గ్లోబ్’ పత్రిక జార్జ్ బ్రౌన్‌ను ఓడించాడు. ఇద్దరూ స్కాట్లాండ్ వాళ్లే, ఇద్దరూ పత్రికలవాళ్లే. పల్లె మాత్రం పాత కొట్టువాడినే నమ్మింది. సభలో ఆస్తి తగాదాల్లాంటివి తేల్చే చాన్సరీ కోర్టును రద్దు చేయాలని ఆయన పెట్టిన తీర్మానం ఓడింది. కానీ ఎగువ కెనడా సభ్యుల్లో ఎక్కువమంది దానివైపే ఉండటంతో ప్రభుత్వ నాయకుడు రాబర్ట్ బాల్డ్విన్ పదవి వదిలేశాడు. మెకంజీ ప్రభుత్వ లెక్కలు తవ్వుతూ 1858 దాకా సభలో ఉండి రాజీనామా చేశాడు.

కలెడోనియా, 6వ నంబరు రోడ్డు మీదుగా రెండు గంటలకల్లా టొరంటోలో ఉండాలి. బాండ్ స్ట్రీట్ 82వ నంబరు మెకంజీ హౌస్ సాయంత్రం తొందరగా మూస్తారు, సోమ, మంగళవారాల్లో తెరిచి ఉంటుందని అనుకోవద్దు. క్వీన్ స్టేషన్ నుంచి నడిచి పోవచ్చు. అభిమానులు చందాలు పోగుచేసి కొనిపెట్టిన ఇల్లిది. లోపల 1850ల తరహా ముద్రణాలయం పనిచేస్తూ ఉంటుంది, అడిగితే చేతి ప్రెస్సు మీద ఒక కాగితం తీసిస్తారు. ఆరనిచ్చి మడవండి. 1861 ఆగస్టు 28న ఆయన ఈ ఇంట్లోనే పోయాడు.

ఇంకా వెలుతురుంటే 506 ట్రామ్ పట్టుకుని పార్లమెంట్ స్ట్రీట్‌లో దిగి, విన్‌చెస్టర్ స్ట్రీట్ మీద తూర్పుకు చివరి దాకా నడవండి. నెక్రోపోలిస్ శ్మశానం రివర్‌డేల్ ఫార్మ్‌కు ఎదురుగా ఉంది. మెకంజీ సమాధి ఇక్కడే. తిరుగుబాటు చేసినందుకు 1838 ఏప్రిల్ 12న ఉరితీసిన శామ్యూల్ లౌంట్, పీటర్ మాథ్యూస్‌లను కూడా తర్వాత ఇక్కడికే మార్చారు, విరిగిన స్తంభం గుర్తుగా ఉంది. లోపల గుర్తుపలకలు తక్కువ కాబట్టి గేటు దగ్గరి ఆఫీసులో మ్యాపు అడగండి, అది మూశాక వెళ్తే వరసలు వెతుక్కోవాల్సిందే.